కట్టె కింద నంబరు

ఊడిరాని తుపాకీ కట్టెను రంపం పెట్టి కోసెయ్యమని నాకొకసారి ఫోన్లో హుకుం అందింది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కోపం చల్లారాక రాద్దామని రిటైరైన రోజు నుంచీ వాయిదా వేస్తూ వచ్చాను. అది చల్లారే రకం కాదని ఈమధ్యే తేలింది. అందుకని మంటతోనే రాస్తున్నాను. డిపార్టుమెంటులో కొత్తగా చేరి, చేతికి స్క్రూడ్రైవర్ తీసుకోబోతున్న పిల్లలు చదివితే చాలు. మిగతావాళ్లు చదివినా నష్టం లేదు.

నేను పోలీసు ఆర్మరర్‌గా పనిచేశాను. ఒంటి మీద ఖాకీ ఉన్నా నేను దొంగను పట్టుకున్నది లేదు, లాఠీ ఎత్తింది లేదు. తుపాకులు విప్పడం, తుడవడం, చెడింది బాగుచేయడం, మళ్లీ బిగించి ఇవ్వడం, ఇదే నా ఉద్యోగం. నరసరావుపేటలో ఒక రేకుల షెడ్డు, అందులో ఒక బల్ల, బల్లకు బిగించిన వైస్ అనే ఇనప పట్టు, గోడకు వరసగా వేలాడే స్క్రూడ్రైవర్లు. ముప్పై ఏళ్ల పైన అక్కడే గడిచింది. ఎంత సబ్బు పెట్టినా చేతుల వాసన పోయేది కాదు. మా ఆవిడ నన్ను కిరసనాయిలు డబ్బా అని పిలిచేది, చుట్టాల ముందు కూడా.

మా పల్నాడులో ఎన్నికలంటే ముందు తుపాకులు కదులుతాయి. నోటిఫికేషన్ రాగానే లైసెన్సున్న ప్రతి మనిషీ తన తుపాకీని స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోవాలి. ఓట్లయిపోయి, గొడవలు సద్దుమణిగాక, ఆ రసీదు చూపించి మళ్లీ తెచ్చుకోవాలి. మంచి పద్ధతే, నేను కాదనను. కానీ అప్పగించుకున్న వస్తువును ఎలా చూసుకోవాలనే దాని గురించి మాత్రం ఎవరికీ పట్టింపు లేదు. చాలాచోట్ల మాల్ఖానా అంటే కేసుల్లో దొరికిన సరుకు పడేసే గది. నాటుసారా క్యాన్లు, రక్తం మరకల గొడ్డళ్లు, తుప్పుపట్టిన సైకిళ్లు, వాటి మధ్య గోడకు ఆనించిన రైతుల తుపాకులు.

నా సర్వీసు చివరి ఏడాది అలాంటి ఎన్నికలే జరిగాయి. ఫలితాలొచ్చాక కూడా గొడవలు ఆగలేదు. దాంతో తుపాకులు తిరిగివ్వడం వానాకాలం నడిమికి గాని మొదలుకాలేదు. అప్పుడు గురజాల అవతల ఒక స్టేషన్ నుంచి నా షెడ్డుకు ఒక తుపాకీ వచ్చింది. స్టేషన్ పేరు చెప్పను. ఒంటి గొట్టం, పన్నెండో నంబరు తూటా, పాత తరం తుపాకీ. దానితో పాటు ఒక కాగితం. "లైసెన్సుదారు తుపాకీ మీది నంబరును ఉద్దేశపూర్వకంగా చెరిపివేసినట్లు కనబడుచున్నది. పరీక్షించి, ధ్రువీకరిస్తూ రిపోర్టు పంపగలరు."

చూశారా ఆ వాక్యం? పరీక్షించమంటూనే జవాబు కూడా రాసిచ్చేశారు. నేను సంతకం పెట్టడమే తరువాయి. తుపాకీ మీద నంబరు చెరపడమంటే జరిమానా కట్టి బయటపడే తప్పు కాదు. లైసెన్సు పోతుంది, తుపాకీ పోతుంది, కేసు పడుతుంది, జైలుకు పోవాల్సి రావచ్చు.

తుపాకీ వచ్చిన గంటకు దాని యజమానురాలు కూడా వచ్చింది. గేటు దగ్గర సెంట్రీ ఆపితే అక్కడే కింద కూర్చుంది. నేను టీకి బయటికి వెళ్తూ చూశాను. యాభై ఐదేళ్లుంటాయి. చేతిలో పాలిథీన్ కవరు, అందులో లైసెన్సు పుస్తకం, స్టేషన్ రసీదు.

"ఎవరమ్మా నువ్వు? ఎవరికోసం?"

"నా తుపాకీ కోసం సారూ. జీపులో ఎక్కించుకుపోతంటే ఎనకమాలే బస్సెక్కి వచ్చా. అది యాడికి పోతే నేనూ ఆడికే."

సెంట్రీకి చెప్పి లోపలికి తీసుకొచ్చాను. భర్త పోయి నాలుగేళ్లయిందట. ఆయన పేరు మీదున్న లైసెన్సును ఆఫీసుల చుట్టూ తిరిగి తన పేరుకు మార్పించుకుంది. అడవి అంచున ఆరెకరాల పొలం, మొక్కజొన్న వేస్తుంది. పందులు గుంపుగా దిగుతాయి. గాల్లోకి ఒక్క తూటా పేలిస్తే పారిపోతాయి.

"డబ్బాలు కొట్టినా, టపాకాయలు కాల్చినా ఇప్పుడు బెదరట్లా సారూ. అయ్యీ తెలివి మీరినయ్. అయిదు నెల్లాయె తుపాకీ ఇచ్చి. ఈ పాటికే రెండెకరాలు నేలమట్టం చేసినయ్. కంకి పాలుపోసుకునే టయానికన్నా నా చేతికి రాకపోతే ఇంక కోసేదేం ఉండదు."

"నంబరు నువ్వు గీకావంటున్నారు."

"నేనెందుకు గీకుతా సారూ? ఆ నంబరును చూసే గదా నాకు లైసెన్సిచ్చింది? దాన్ని గీకి నేనేం చేసుకోను?"

ఆ కేసులో ఇంతకంటే తెలివైన మాట నేను ఏ అధికారి నోటా వినలేదు.

తుపాకీని వెలుతురులో పెట్టి చూశాను. గొట్టం వెనక ఇనప శరీరం మీద నంబరు ఉండాల్సిన చోట మెరుస్తోంది. అంకెల ఆనవాలు కూడా లేదు. ఒక పక్కకే సాగిన సన్నటి గీతలు. తుప్పు రుద్దే గరుకు కాగితం, ఎమెరీ పేపరు పనే, అందులో అనుమానం లేదు. అయితే దాన్ని తయారుచేసిన కంపెనీ పాత తుపాకుల సంగతి నాకు తెలుసు. అదే నంబరును లోపల కూడా ఒక చోట కొట్టేవాళ్లు. భుజానికి ఆనించే చెక్క భాగాన్ని, అంటే కట్టెను, మేం బట్ అంటాం. బట్ ఊడదీస్తే దాని కింద దాగిన ఇనప తోక మీద ఆ నంబరుంటుంది. అది లైసెన్సులోని నంబరుతో కలిసిందా, తుపాకీ ఈమెదే. కలవకపోతే ఈమెను ఎవరూ కాపాడలేరు.

బట్ ఊడదీయడం మామూలుగా పావుగంట పని. మడమకు, అంటే బట్ భుజానికి తగిలే చివరకు, ఉన్న రేకు రెండు స్క్రూలు తీస్తే వస్తుంది. దాని వెనక చెక్కలో జానెడు లోతు బెజ్జం. ఆ బెజ్జం అడుగున ఒక పొడుగాటి బోల్టు తల. స్క్రూడ్రైవర్ లోపలికి దింపి బోల్టు తిప్పితే చెక్క జారి వచ్చేస్తుంది. నేను తిప్పాను. కదల్లేదు. ఇంకొంచెం బలం పెట్టాను. చెక్క లోపలెక్కడో కిర్రుమంది. వెంటనే చెయ్యి తీసేశాను.

ఎందుకు తీసేశానో చెప్పాలంటే నా తప్పొకటి చెప్పాలి. ఎవరికీ చెప్పకుండా ముప్పై ఏళ్లు దాచుకున్న తప్పది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాగే ఒక బట్ మొరాయించింది. నా చేతికి అందిన స్క్రూడ్రైవర్ బెజ్జం కంటే కాస్త వెడల్పు. సన్నంగా సానపట్టిన దాన్ని వెతకడానికి బద్ధకించి, ఉన్నదాన్నే సుత్తితో దిగ్గొట్టి తిప్పాను. చెక్క నిలువునా పగిలింది. ఇన్స్‌పెక్షన్ మర్నాడే. రిపోర్టులో "పాత పగులు" అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టాను. ఆ తుపాకీ ఒక కానిస్టేబుల్ పేర ఉంది. అతనికి కృష్ణ ఒడ్డున ఒక అవుట్‌పోస్టుకు పనిష్మెంటు బదిలీ అయింది. పెళ్లయి ఆరు నెలలే. లారీ దొరికితే ఊరు, లేకపోతే లేదు అన్నట్టుండే చోటు. మూడేళ్లు ఉన్నాడక్కడ. ఎదురుపడితే నన్ను చూసి నవ్వేవాడు, పగలగొట్టింది నేనని తెలియక. ఆ నవ్వు నాకు సరిగ్గా అన్నం తిననిచ్చేది కాదు. అయినా నోరు విప్పలేదు. పిరికివాణ్ని.

అందుకే చెక్క కిర్రుమనగానే ఆగాను. ఆమె వైపు తిరిగి అడిగాను.

"అమ్మా, దీన్ని ఎప్పుడన్నా నీళ్లలో పెట్టారా?"

"పెట్టాం సారూ." తడుముకోలేదు. "ఎండాకాలం కట్టె వదులై టకటకా ఆడుద్ది. పారకీ గొడ్డలికీ పిడి వదులైతే ఏం చేస్తాం? నీళ్లలో పెడతాం గదా. మా ఆయన దీన్నీ అట్టాగే బక్కెట్లో మడమ మునిగేదాకా ఒక పూటంతా నిలబెట్టేవోడు. ఆయన పోయాక నేనూ పెట్టా. గట్టిగా పట్టేసుద్ది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పార పిడికి బోల్టు ఉండదు కదా. ఏటా ఆ బెజ్జంలోకి నీళ్లు దిగి, అడుగున బోల్టు తుప్పుతో చెక్కనూ ఇనుమునూ ఒక్కటి చేసేసింది. దానిమీద స్టేషన్ తేమ తోడైంది. చెక్క ఉబ్బి ఇనుమును కరుచుకుంది.

"తప్పు చేశానా సారూ?"

"చేశావమ్మా. కానీ నీమీద రాసిన తప్పు అది కాదు."

ఇలాంటిదానికి ఒకటే మందు, ఓపిక. కిరసనాయిల్లో కాస్త నూనె కలిపి, సన్నటి గొట్టంతో బోల్టు తల మీద చుక్కలు చుక్కలుగా వేశాను. ఇనప కడ్డీ ఎర్రగా కాల్చి, చెక్కకు తగలకుండా బెజ్జంలోకి దించి, బోల్టు తలకు ఆనించేవాణ్ని. వేడికి ఇనుము సాగుతుంది, చల్లారేటప్పుడు నూనెను లోపలికి పీలుస్తుంది. చెక్క ఆరడానికి మా దగ్గర పాత చెక్కపెట్టె ఒకటుంది, లోపల పసుపు బల్బు వెలుగుతుంటుంది. వానాకాలం తుపాకులకు చెమ్మ పట్టకుండా వాడేది. తుపాకీని అందులో పడుకోబెట్టాను. నీళ్లలో పెట్టడం వల్ల కట్టె బిగుసుకుందనీ, ఆ మాట ఆమే చెప్పిందనీ, ఊడదీయడానికి పదిరోజులు పడుతుందనీ స్టేషన్‌కు రాసి పంపాను.

మూడో రోజున స్టేషన్ ఎస్సై ఫోన్ చేశాడు. వయసులో నా కొడుకంత. నన్ను పేరుపెట్టి పిలవలేదు, గారూ అనలేదు.

"ఏందయ్యా ఆర్మరరూ, ఒక్క రిపోర్టుకి పదిరోజులా? నంబర్ లేదని నీకు కళ్లకి కనపడట్లేదా?"

"కట్టె కింద ఇంకో నంబరుంటుంది సార్. అది చూడకుండా రాయలేను."

"అయితే రంపం పెట్టి కోసి చూడు. ఎట్టాగూ కోర్టు ప్రాపర్టీనే గదా అది."

"కేసే కట్టలేదు కద సార్, అప్పుడే కోర్టు ప్రాపర్టీ ఎట్టా అయింది?"

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. ఆ ఆరెకరాలు ఆయనవి కావు, ఆ తుపాకీ ఆయన ఇంటి మనిషి విడిచిపోయింది కాదు. కొయ్యడానికి ఏముంది? ఆ కట్టె మీద చెంప ఆనే చోట నల్లగా నిగనిగలాడే మచ్చ ఉంది. ఇద్దరు మనుషుల చెమట అది, ముందు ఆయనది, తర్వాత ఆమెది. దాన్ని కోసెయ్యమని ఇంత తేలిగ్గా అనగలిగాడంటే నాకు చెప్పలేనంత అసహ్యం వేసింది.

ఏడో రోజున బోల్టు కదిలింది. వెంట్రుకవాసి. నేను బల్ల దగ్గర ఒక్కడినే "వచ్చావా తల్లీ" అన్నాను. సాయంత్రానికి మొత్తం తిరిగి బయటికొచ్చింది, ఒళ్లంతా ఎర్రటి తుప్పు. చెక్క మాత్రం ఇంకా ఇనుమును వదల్లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను ఒక్కడినే ఊడదీసి చూసి నంబరుందంటే, నేనే కొట్టానంటారు. ఈ డిపార్టుమెంటును నేను ఎరుగుదును. డీఎస్పీ గారికి అర్జీ పెట్టాను. తమరి సమక్షంలో, యజమానురాలి సమక్షంలో ఊడదీస్తానని. సోమవారం పొద్దున పదింటికి వస్తామని కబురొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఆ స్టేషన్ రైటర్ మా ఇంటికొచ్చాడు. రికార్డులు రాసేదీ, మాల్ఖానా తాళాలు ఉండేదీ అతని దగ్గరే. నా బ్యాచ్‌మేట్. ట్రైనింగులో పక్కపక్క మంచాలు. మూణ్నెల్లలో రిటైర్‌మెంటు. మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ గ్లాసు అట్లా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

"ఒరేయ్, నేనే రుద్దానురా."

నేను కుర్చీ అతనికి దగ్గరగా జరుపుకున్నాను.

"స్లాబు కారి గోడంతా తడి. తుపాకులన్నీ తుప్పు పట్టినయ్. ఈ స్థితిలో ఇస్తే రైతులు ఊరుకుంటారా? పేపరోళ్ల కాడికి పోతారు. మెరిసేటట్టు చేసి ఇద్దామని ఎమెరీ తెప్పించి నేనే కూకొని రుద్దా. మంచికే చేశా గదరా. నంబర్లు పోతున్నయ్ అని ఆఖర్న చూసుకున్నా. మిగతావోళ్లెవురూ పట్టించుకోలా, తీసుకుపోయారు. ఈమె ఒక్కతే రసీదు పట్టుకుని నంబరేదీ నంబరేదీ అని నిలబడింది. ఎస్సై గారు వచ్చి, నువ్వే గీకావు పో అన్నాడు. అంతే."

"అంటే అడిగిందని కేసు పెడుతున్నారా?"

"నాకు మూణ్నెల్లేరా. నువ్వు, ఆమె నీళ్లలో పెట్టిందని రాయి చాలు. అబద్ధం కూడా కాదు గదా అది."

చూడండి ఎంత చక్కగా చెప్పాడో. అబద్ధం కాదట. ఆమె నోటితో ఆమె చెప్పిన నిజాన్ని తీసుకుని ఆమె మెడకే చుట్టమంటున్నాడు. నాకు కోపం తలకెక్కింది. కానీ ఆ కోపంలో సగం నామీదే. ముప్పై ఏళ్ల కిందట నేను రాసిన రెండు ముక్కలు గుర్తొచ్చాయి. నేను దిగ్గొట్టిన సుత్తికీ అతను రుద్దిన ఎమెరీకీ తేడా ఏముంది?

"రేపు డీఎస్పీ గారి ముందు నువ్వే చెప్పు. నువ్వు చెబితే నేనూ నీ పక్కన నిలబడతా. మంచికే చేశావని నేనే అంటా" అన్నాను.

మజ్జిగ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు.

సోమవారం షెడ్డు నిండిపోయింది. డీఎస్పీ గారు నా స్టూలు మీద, ఎస్సై ఆయన వెనక. రైటర్ రిజిస్టర్లు చంకన పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. సాక్షులుగా పక్క ఆఫీసు గుమస్తాలిద్దరు. ఆమె బల్లకు ఎదురుగా, కొంగు నడుముకు చుట్టి, నా చేతుల వంకే చూస్తోంది.

గొట్టం వేరుచేసి, ఇనప శరీరానికి గుడ్డ చుట్టి వైస్‌లో బిగించాను. చెక్క సుత్తి తీసుకుని బట్ మీద మెల్లగా పైనొకటి, కిందొకటి, పక్కనొకటి కొట్టడం మొదలుపెట్టాను. చెక్క పగలకూడదు, కదలాలి. పది దెబ్బలు. ఇరవై. ఎస్సై గడియారం చూసుకున్నాడు.

"సార్, దీంట్లో ఏం లేదు సార్, ఊరికే టైం వేస్టు..."

"కొట్టనివ్వవయ్యా" అన్నారు డీఎస్పీ గారు.

ఇంకో పది దెబ్బలకు చప్పుడు మారింది. అప్పటిదాకా టక్ టక్ అని గట్టిగా పలికిన చెక్క డొల్లగా పలికింది. సుత్తి పక్కన పెట్టి రెండు చేతులతో పట్టుకుని లాగాను. ముందు రాలేదు. తర్వాత ఒక్కసారిగా వచ్చేసింది. చెక్క చెక్కలాగే ఉంది, ఒక్క గీత పడలేదు.

ఇనప తోక మీద తుప్పు పొర. కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. అంకెలు ఒక్కొక్కటీ బయటపడ్డాయి. డీఎస్పీ గారు లైసెన్సు పుస్తకం తెరిచి పట్టుకున్నారు. గుమస్తాతో పైకి చదివించారు. ఒక్క అంకె తేడా లేదు.

ఆమె లేచి వచ్చి వేలితో ఆ అంకెలు తడిమింది. "ఉంది" అంది. అంతే.

ఎస్సై తగ్గలేదు. "నంబర్ కలిసింది సరే సార్. బయట నంబర్ గీకింది ఎవరు? ఈమె తుపాకీని నీళ్లలో పెట్టిందట. ఆమే ఒప్పుకుంది. ట్యాంపరింగే గదా?"

నాకేసి చూశారంతా. ఆమె మాత్రం డీఎస్పీ గారినే చూసింది.

"పెట్టా సారూ. నీళ్లలో పెట్టింది నేనే, మా ఆయనా పెట్టాడు. తెలవక చేశాం. చేసింది చేసినట్టే రాసుకోండి, యేలిముద్ర గాదు, సంతకమే పెడతా. గీకింది మాత్రం నేను గాదు. నేను నా తప్పు చెప్పినట్టే, గీకినోళ్లు గూడా వాళ్లది చెప్తే అయిపాయె గదా."

షెడ్డులో ఆరుగురం మగవాళ్లం. అందులో నలుగురం యూనిఫాంలో. రైటర్ నేల చూపులు చూస్తున్నాడు. వాడు నోరు విప్పుతాడని నేను ఎదురుచూశాను. నిజంగా చూశాను. విప్పలేదు. మన డిపార్టుమెంటు నిండా ధైర్యసాహసాలకు ఇచ్చిన పతకాలు ఉన్నాయి. ఆ ఉదయం ఆ గదిలో ఉన్న ధైర్యమంతా ఒక్క చీర కొంగుకే ఉంది.

"సార్, అదే స్టేషన్లో ఇంకా తిరిగివ్వని తుపాకులు ఉంటాయి. అవి తెప్పించి చూడండి" అన్నాను.

"ఎందుకు?"

"చూస్తే తెలుస్తుంది సార్."

ఆయన ఫోన్ చేశారు. మధ్యాహ్నానికి జీపులో ఆరు తుపాకులు వచ్చాయి. ఆరుగురు రైతులవి, ఆరు ఊళ్లవి. బల్ల మీద వరసగా పేర్చాను. ఆరింటికీ అదే చోట అదే మెరుపు, ఒకే పక్కకు సాగిన అవే గీతలు. రెండింటి మీద ఒకటో రెండో అంకెలు మిగిలాయి, నాలుగింటి మీద అవీ లేవు.

"ఈ ఆరుగురూ ఈమెతో మాట్లాడుకుని ఒకే ఎమెరీతో గీకి, తర్వాత తెచ్చి స్టేషన్లో అప్పగించారా సార్?" అని అడిగాను. నా గొంతు పెద్దదైంది. డీఎస్పీ గారి ముందు ముప్పై ఏళ్లలో నేనలా మాట్లాడలేదు. "రసీదులో నంబరు రాశారు కదా. తుపాకీ చూసి రాశారా, చూడకుండా రాశారా?"

ఎస్సై రైటర్ వైపు తిరిగాడు. రైటర్ అన్నాడు, "లైసెన్సు పుస్తకం చూసి రాశాం సార్. తుపాకీ చూడలేదు."

చేసిన పని ఒప్పుకోవడం కన్నా, పని చెయ్యలేదని ఒప్పుకోవడం వాడికి సులువైంది.

నా రిపోర్టు రెండు పేరాలు. చెక్క బిగుసుకుపోవడానికి కారణం, యజమానురాలు నీళ్లలో పెట్టడం, ఆపైన స్టేషన్ గోడ తేమ. నంబరు పోవడానికి కారణం, స్టేషన్లో ఎమెరీ పేపరుతో రుద్దడం. రెండూ రాశాను. ఆమెకు చదివి వినిపించాను. మొదటి పేరాకి తలూపింది, రెండో పేరాకీ తలూపింది.

ఆమెకు తుపాకీ ఆ వారమే ఇచ్చేశారు. కంకులు పాలుపోసుకునే వేళకే చేరింది, మిగిలిన నాలుగెకరాలు దక్కాయి. కేసు లేదు. ఇంతవరకూ న్యాయమే. ఇక ఫైలు సంగతి వినండి. నా రెండో పేరా పైకి వెళ్లేసరికి "వాతావరణ తేమ వలన నంబర్లు అస్పష్టమైనవి" అని మారిపోయింది. వాతావరణాన్ని సస్పెండ్ చేయడం కుదరదు కాబట్టి ఎవరికీ ఏం కాలేదు. ఎస్సైకి మంచి చోటుకి బదిలీ అయింది. రైటర్ మూణ్నెల్లకు పూలదండలతో రిటైరయ్యాడు. నన్ను పిలవలేదు, ఆ తర్వాత పలకరించనూ లేదు. మెమో వచ్చింది నాకొక్కడికే. ఒక సాధారణ రిపోర్టుకు పదిరోజులు అనవసర జాప్యం చేసినందుకు సంజాయిషీ ఇవ్వమని. "చెక్క ఆరడానికి పట్టింది" అని ఒక్క ముక్కలో జవాబు రాసిచ్చాను.

రిటైరయ్యాక నేను చేసిన మొదటి పని వినుకొండ బస్సెక్కడం. ఆ పాత కానిస్టేబుల్ అక్కడ కొడుకు దగ్గర ఉంటున్నాడు. అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. చెప్పాను. సుత్తి, వెడల్పు స్క్రూడ్రైవర్, "పాత పగులు", అన్నీ. ఆయన టీ గ్లాసు అరుగు మీద పెట్టాడు. "నా మొదటి బిడ్డ పుట్టినప్పుడు నేను ఆ ఏటి ఒడ్డునే ఉన్నా. నీకు తెలుసా?" అన్నాడు. తిట్టుంటే బాగుండేది. క్షమించానని అనలేదు, నేను అడగనూ లేదు.

పిల్లలూ, మీకు చెప్పదలచిందల్లా ఇదే. చెక్క పగిలితే పగిలిందని రాయండి, మీ చేత పగిలితే మీ చేత అని రాయండి. అప్పుడు పోయేది మీదొక్కటే. రాయకపోతే ఇంకొకడిది పోతుంది, అది మీకు ఎప్పటికీ తిరిగివ్వడం కుదరదు.

మొన్న పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చింది. ఆమె ఫోన్ చేసింది. "సారూ, తుపాకీ అప్పజెప్పను పోతన్నా. ఈలుంటే రాండి, ఊరికే నిలబడండి సాలు." వెళ్లాను. అదే స్టేషన్. ఎస్సై కొత్త, రైటర్ కొత్త, స్లాబుకు మాత్రం పాత మరకలే. వరసలో పదిమంది దాకా రైతులున్నారు, అందరికన్నా ముందు ఆమె నిలబడి ఉంది. కొత్త రైటర్ లైసెన్సు పుస్తకం తెరిచి రసీదు రాయబోయాడు. ఆమె అరచెయ్యి పుస్తకం మీద పెట్టి మూసేసింది.

"పుస్తకం జూసి గాదయ్యా. తుపాకీ జూసి, పైకి చదివి రాయి."

పైన చెరిగిపోయిన చోట పక్కనే నేనే మళ్లీ కొట్టించిన నంబరుంది. అతను విసుక్కున్నాడు. ఆమె చెయ్యి తియ్యలేదు. చివరికి తుపాకీ వెలుతురుకు తిప్పి, ఒక్కో అంకె పైకి చదివి రాశాడు. ఆమె రసీదు మడిచి కవర్లో పెట్టుకుని పక్కకు జరిగింది.

వెనకనున్న రైతు ముందుకొచ్చి తన తుపాకీ బల్ల మీద పెట్టాడు. లైసెన్సు పుస్తకం మాత్రం జేబులోంచి తియ్యలేదు.

"నాది గూడా చదివి రాయి" అన్నాడు.